పైకి పచ్చగా, లోపల డొల్లగా: చెట్టు లోపలి జబ్బును ఎట్లా పట్టుకోవాలి?

జీవామృతం, ఘనజీవామృతం, కషాయాల గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి పంటను కాస్త పక్కన పెట్టి, చేను గట్టు మీద నిలబడ్డ పెద్ద చెట్టు గురించి మాట్లాడుకుందాం. ఏటా మనకు పువ్వో, కాయో, ఆకో, నీడో ఇచ్చే చెట్టు అది. దానికి మనం ఇచ్చేది మాత్రం ఏమీ ఉండదు. అది పడిపోయిన నాడే దాని దిక్కు చూస్తం.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో చేన్లు చూసినవాళ్లకు ఈ మాట బాగా అర్థమైతది. పత్తి, సోయా, కంది, జొన్న చేన్ల నడుమ ఇప్ప, చింత, మామిడి, వేప, మద్ది, తునికి, టేకు చెట్లు ఉంటయ్. వాటిని ఎవరూ నిన్న మొన్న నాటలేదు. తాతల నాటి నుంచి కాపాడుకుంటూ వచ్చినవి. ఎండాకాలం పని లేని రోజుల్లో ఇప్పపువ్వు ఒక ఇంటికి చేతి ఖర్చు. తరువాత ఇప్పపలుకుతో నూనె. చింతపండు ఇంకో ఆదాయం. ఇప్ప మొక్క నాటితే సరైన పువ్వు చూడడానికి పదేళ్ల దాకా ఆగాలి. కాబట్టి ఒక పెద్ద చెట్టు పోయిందంటే ఒక పంట పోయినట్టు కాదు, ఒక తరం కష్టం పోయినట్టు.

ఇబ్బంది ఎక్కడంటే, చెట్టు జబ్బు పంట జబ్బులా వెంటనే కనిపించదు. పత్తికి పురుగు పడితే వారంలో ఆకు చెబుతది. చెట్టు లోపల పుచ్చు మొదలైతే పదేళ్లయినా ఆకు పచ్చగనే ఉంటది, పువ్వు పూస్తది, కాయ కాస్తది. ఒక ఏప్రిల్ నెల సాయంత్రం గాలిదుమారం వస్తే మాత్రం అదే చెట్టు మొదలంటా విరిగి కొట్టం మీదనో, కట్టేసిన ఎడ్ల మీదనో పడుతది. అప్పుడు చూస్తే లోపల అంతా డొల్ల. దీన్ని ముందే గుర్తుపట్టవచ్చా? చాలావరకు పట్టవచ్చు. దానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

ముందు చెట్టు లోపల ఏముందో తెలుసుకుందాం

చెట్టును అడ్డంగా కోస్తే మూడు పొరలు కనిపిస్తయ్. పైన బెరడు. బెరడు కింద తడిగా ఉండే తెల్లచెక్క. నడుమ ముదురు రంగు చేవ. వేర్లు తాగిన నీళ్లు ఆకులకు ఎక్కేది తెల్లచెక్క గుండా. ఆకులు వండిన ఆహారం కిందికి దిగేది బెరడు లోపలి పొర గుండా. చేవలో ప్రాణం ఉండదు. అది ఎప్పుడో పని ముగించుకున్న పాత చెక్క. ఇంటికి దూలంలాగ చెట్టును నిలబెట్టడమే దాని పని.

ఇది అర్థమైతే రెండు విషయాలు తేలిపోతయ్. ఒకటి, చేవ మొత్తం పుచ్చిపోయినా చెట్టు పచ్చగా ఎందుకుంటదో. నీళ్లు, ఆహారం పోయే దారులు బయటి పొరల్లో ఉన్నాయి కాబట్టి ఆకుకు ఆ సంగతే తెలియదు. రెండు, తొర్ర పడ్డ ప్రతి చెట్టూ చచ్చే చెట్టు కాదు. బయటి గోడ మందంగా, చుట్టూ తెగకుండా ఉంటే డొల్ల చెట్టు కూడా దశాబ్దాలు బతుకుతది. ఇనుప గొట్టం డొల్లగా ఉన్నా బరువు మోయడం లేదా? అట్లనే. గోడ ఎంత మందం ఉందన్నదే అసలు ప్రశ్న.

జబ్బు లోపలికి ఎట్లా పోతది?

చేవను తినేవి ఎక్కువగా శిలీంధ్రాలు, అంటే బూజు జాతి. గాయం లేకుండా అవి లోపలికి పోవడం కష్టం. ఆ గాయం చాలాసార్లు మన చేతులతో చేసిందే ఉంటది.

జైనూర్ దిక్కు ఇప్ప చెట్లకు పెద్ద గాయం నిప్పు. పువ్వు రాలే కాలంలో కింద రాలిన ఆకుల్లో పువ్వు ఏరుకోవడం కష్టమని చెట్టు కింద ఆకుకు నిప్పు పెడతరు. ఆ మంట పది నిమిషాల్లో ఆరిపోతది. కాని మొదట్లో బెరడు ఒక పక్క ఉడికిపోతది. కొన్నాళ్లకు ఆ బెరడు ఊడిపడి లోపలి చెక్క బయటపడుతది. మళ్లీ ఏడాది మంట అదే చోట, ఇంకొంచెం లోపలికి. ఇట్లా ఏండ్ల తరబడి సాగితే మొదట్లో తలుపు ఆకారంలో ఒక తొర్ర తయారైతది. చాలా పాత ఇప్ప చెట్లకు కనిపించే మొదటి తొర్రకు మూలం ఇదే. పైగా ఆ మంటకు చెట్టు కింద మొలిచిన చిన్న ఇప్ప మొక్కలు కూడా మాడిపోతయ్. ముసలి చెట్టు పోయేనాటికి దాని జాగాలో నిలబడే పిల్ల చెట్టు ఉండదు.

రెండో గాయం జిగురు కోసం పెట్టే గాటు. ఆదిలాబాద్ అడవుల్లో తపసి చెట్టు నుంచి జిగురు తీయడం పాత వృత్తి. గొడ్డలితో లోతుగా, చెట్టు చుట్టూ గాట్లు పెడితే జిగురు ఒక ఏడాది ఎక్కువ వస్తదేమో గాని చెట్టు పోతది. మూడోది కొమ్మలు నరికే తీరు. మేకల మేతకో, పొయ్యిలోకో కొమ్మను గొడ్డలితో కొడితే చీలిక కాండం దాకా దిగుతది. నాలుగోది ట్రాక్టర్ నాగలి. గట్టు పక్కన లోతుగా దున్నితే పెద్ద వేర్లు తెగుతయ్, ఆ తెగిన చోటి నుంచి కుళ్లు మొదట్లోకి పాకుతది.

టేకు రైతులు ఇంకోటి గుర్తుంచుకోవాలి. నరికిన పాత మోడు నుంచి వచ్చిన చిగురును పెంచి చెట్టు చేసినప్పుడు, ఆ పాత మోడు కుళ్లు కొత్త చెట్టు మొదట్లోకి రావచ్చు. చుట్టుకొలత చూసి మురిసిపోతం. కోసిన తరువాత మొదటి దుంగ నడుమ బోలు కనిపిస్తే ధర సగానికి పడిపోతది.

అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేలాది చెట్లను నిలువునా కోసి చూసి ఒక విషయం తేల్చాడు. 1977లో దాన్ని ప్రకటించాడు. మన ఒంటి మీద పుండు మానినట్టు చెట్టు గాయం మానదు. కుళ్లిన భాగాన్ని చెట్టు బాగు చేసుకోలేదు. దాని చుట్టూ గోడ కట్టి వేరు చేస్తది, ఆ గోడ బయట కొత్త చెక్క వేసుకుంటది. గోడ గట్టిగా ఉంటే కుళ్లు అక్కడే ఆగిపోతది. మళ్లీ మళ్లీ గాయం చేస్తే గోడ తెగి కుళ్లు కొత్త చెక్కలోకి వస్తది. మన పని ఆ గోడను కాపాడడం. ఈ ఒక్క మాట గుర్తుంటే చెట్టు వైద్యంలో సగం వచ్చినట్టే.

మొదటి పరీక్ష: కంటితో

చెట్టు దగ్గరికి పోకముందే ఇరవై అడుగుల దూరంలో నిలబడి చుట్టూ తిరిగి చూడండి. తరువాత దగ్గరికి వచ్చి వేర్ల మొదలు నుంచి పైకి చూడండి. వెతకవలసినవి ఇవి:

- మొదట్లో గాని, కాండం మీద గాని చెక్కలాగా గట్టిగా, అరలాగా బయటికి వచ్చిన పుట్టగొడుగు. ఇది అన్నిటికన్నా పెద్ద గుర్తు. లోపల శిలీంధ్రం ఏండ్ల నుంచి తిని, బలిసి, ఇప్పుడు విత్తనం వేయడానికి బయటికొచ్చిందని అర్థం. దాన్ని చెక్కి పారేస్తే జబ్బు పోదు, గుర్తు మాత్రమే పోతది.
- కాండం మీద ఒకచోట సీసాలాగా ఉబ్బు. లోపల మెత్తబడ్డ చోట బలం కోసం చెట్టు బయట ఎక్కువ చెక్క వేసుకుంటది.
- నిలువు పగులు, ముఖ్యంగా రెండు పక్కలా ఎదురెదురుగా ఉంటే.
- బెరడు నుంచి కారే నల్లటి, ఎర్రటి రసం. పుల్లటి కల్లు వాసన వస్తే లోపల పులుస్తోందని లెక్క.
- రంధ్రాల నుంచి రాలే రంపపు పొట్టులాంటి పొడి. ఇది కాండం తొలిచే పురుగు పని.
- వడ్రంగిపిట్ట మళ్లీ మళ్లీ ఒకేచోట కొట్టడం. పిట్ట ఊరికే కొట్టదు, అక్కడ పురుగో మెత్తటి చెక్కో ఉంటది.
- గండు చీమలు, చెద మట్టి. చెద ఎక్కువగా ఎండిన చెక్కనే తింటది. పచ్చని చెట్టు లోపలికి చెద దారి వేసిందంటే లోపల ఎండిన భాగం ఉందన్నమాట.
- పైకొమ్మలు ఎండి, కింద కాండం నుంచి చిగుళ్లు గుంపుగా రావడం. వేర్లలో ఇబ్బందికి ఇది గుర్తు.
- ఒక పక్క నేల పగిలి లేవడం, చెట్టు కొత్తగా వంగడం. ఇది కనిపిస్తే ఆ చెట్టు కింద పశువును కట్టవద్దు, మంచం వేయవద్దు.

పుట్టగొడుగులు బాగా కనిపించేది వానాకాలం చివర, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. పగుళ్లు, తొర్రలు, ఎండు కొమ్మలు బాగా కనిపించేది ఆకు రాలిన తరువాత. అందుకే ఏడాదికి రెండుసార్లు చూడాలె.

రెండో పరీక్ష: చెవితో

అంగడిలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తం కదా, పగులు ఉంటే శబ్దమే చెబుతది. చెట్టుకు కూడా అదే ఉపాయం. ఒక కొయ్య సుత్తి తీసుకోండి. గొడ్డలి మడమతో కొట్టవద్దు, బెరడు నలిగి అదే కొత్త గాయం అయితది. మొదలు చుట్టూ జానెడు జానెడు దూరంలో కొడుతూ, తరువాత మోకాలి ఎత్తు, నడుము ఎత్తు, తల ఎత్తు దాకా కొడుతూ రండి.

గట్టి చెక్క మీద శబ్దం పొట్టిగా, టక్ టక్ మని వస్తది. డొల్ల మీద డప్పు కొట్టినట్టు లోతుగా మోగుతది. బెరడు చెక్క నుంచి విడిపోయిన చోట పగిలిన పెంకు కొట్టినట్టు డబడబమంటది. వీడియోలో ఈ తేడాను చెవి పెట్టి వినండి, ఒకసారి వింటే మరిచిపోరు. శబ్దం మారిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టండి. చుట్టూ కొట్టడం అయ్యాక ఆ గీతలను కలిపితే లోపలి డొల్ల ఎంత ఎత్తు, ఏ దిక్కు ఉందో బొమ్మ కనబడుతది. పొద్దున్నే, గాలి లేనప్పుడు చేస్తే మంచిది. ముందు పక్కనే ఉన్న ఆరోగ్యమైన అదే జాతి చెట్టును కొట్టి చూడండి. ఇప్ప బెరడు, చింత బెరడు, టేకు బెరడు ఒకే తీరుగా పలకవు.

ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. గోడ బాగా మందంగా ఉన్న పెద్ద చెట్టులో నడుమ చిన్న డొల్ల ఉంటే సుత్తికి దొరకదు. అంత చిన్న డొల్లతో చెట్టు పడిపోయే ప్రమాదం కూడా తక్కువే.

మూడో పరీక్ష: చువ్వ, టేపు

తొర్రకు ఎట్లాగూ నోరు ఉంటే, పాత సైకిల్ చువ్వనో సన్నటి ఇనుప కడ్డీనో లోపలికి పెట్టి చూడండి. మెత్తటి పుచ్చు దాటి గట్టి చెక్క ఎక్కడ తగులుతదో గుర్తు పెట్టుకోండి. కొత్తగా రంధ్రం మాత్రం చేయవద్దు. పాములు, తేళ్లు ఉంటయ్, చేయి పెట్టవద్దు.

ఇప్పుడు లెక్క. జర్మనీకి చెందిన క్లాస్ మాథెక్ అనే శాస్త్రవేత్త విరిగిన చెట్లను, నిలిచిన చెట్లను కొలిచి ఒక అంచనా చెప్పాడు. బయటి గట్టి గోడ మందం, చెట్టు వ్యాసార్థంలో మూడో వంతుకు దగ్గరగా, అంటే 0.3 కన్నా తక్కువైతే విరిగే ప్రమాదం పెరుగుతది. దీన్ని మన టేపుతో ఇట్లా చేసుకోవచ్చు: ఛాతీ ఎత్తులో చుట్టుకొలత కొలిచి 20తో భాగించండి. ఉదాహరణకు 220 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న ఇప్ప చెట్టుకు 11 సెంటీమీటర్లు వస్తది. గట్టి గోడ చుట్టూ అంతకన్నా ఎక్కువ ఉంటే, డొల్ల ఉన్నా భయపడాల్సిన పని తక్కువ. అంతకన్నా తక్కువైతే జాగ్రత్త పడాలె.

ఇది చుట్టూ గోడ తెగని చెట్టుకు చెప్పిన లెక్క. ఒక పక్క పెద్ద తలుపులాగా తొర్ర తెరుచుకుని ఉన్నా, చెట్టు వంగి ఉన్నా, వేర్లు కుళ్లినా ఈ లెక్క మీద నమ్మకం పెట్టుకోవద్దు.

చచ్చినట్టు కనిపించి బతికున్న వేప

ఇప్పటిదాకా బతికినట్టు కనిపించి లోపల పోయిన చెట్టు గురించి చెప్పుకున్నాం. దీనికి తలకిందులు కథ మన వేపది. 2021 వానల తరువాత తెలంగాణ అంతటా వేప చెట్లు కాలిపోయినట్టు ఎండినయి. ఊరూరా ఒకటే భయం. కొందరు చెట్టు చచ్చిందని నరికేసుకున్నరు. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చూసి ఇది కొమ్మ ఎండు తెగులని, ఫోమోప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం వల్ల వస్తదని చెప్పారు. టీ దోమ అనే రసం పీల్చే పురుగు కూడా తోడైంది. పురుగు లేత చిగురును కుట్టిన చోట తెగులుకు దారి దొరుకుతది. ఇది కొమ్మల కొనల నుంచి కిందికి వచ్చే జబ్బు. వానలప్పుడు, చలికాలం మొదట్లో ముదిరి కనిపిస్తది. ఎండాకాలం వచ్చేసరికి చాలా చెట్లు మళ్లీ చిగురించినయి.

ఇక్కడ పరీక్ష ఇంకా తేలిక. ఎండిన కొమ్మ కొన నుంచి కాండం వైపు వస్తూ గోటితోనో కత్తి మొనతోనో బెరడును కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే అక్కడ ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే అక్కడికి పోయింది. పచ్చ ఎక్కడ మొదలైతదో అక్కడికి ఒక జానెడు కిందికి కోసి, ఎండు కొమ్మలను కాల్చేయండి. గోరు గీత ఒక్కటి చాలు, ఒక వేప చెట్టు ప్రాణం నిలబెట్టడానికి.

పిల్లలమర్రి చెప్పిన పాఠం

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గురించి తెలియనివారు లేరు. దాదాపు 700 ఏండ్ల మర్రి అని చెబుతరు, ఎకరాల కొద్దీ విస్తరించింది. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. అప్పుడు సందర్శకులను ఆపేసి చూస్తే లోపల చెద తొలిచేసి ఉంది. ముందు కాండానికి రంధ్రాలు చేసి మందు పోశారు, అది నిలబడలేదు. 2018లో ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి, పలుచన చేసిన క్లోరోపైరిఫాస్‌ను చుక్క చుక్కగా ఎక్కించారు. వంగిన కొమ్మలకు ఆనుకునే దిమ్మెలు కట్టారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగినయి.

ప్రకృతి వ్యవసాయం చేసే మనకు ఆ మందు నచ్చకపోవచ్చు. కాని ఆ పరిస్థితి ఎందుకు వచ్చిందన్నది చూడాలె. కొమ్మ పడేదాకా లోపలి సంగతి బయటపడలేదు. అప్పటికి చిన్న వైద్యాలతో అయ్యే దశ దాటిపోయింది. అంత పేరున్న, రోజూ వందల మంది చూసే చెట్టుకే ఇట్లయితే, మన చేను మూలన ఉన్న చింతను ఎవరు చూస్తరు? మనమే చూడాలె.

మర్రికి ఒక వరం ఉంది. కోల్‌కతా పక్కన హౌరా తోటలో ఉన్న పెద్ద మర్రికి 1864, 1867 తుఫాన్లలో దెబ్బలు తగిలి, ఆ గాయాల నుంచి శిలీంధ్రం పట్టి అసలు మాను కుళ్లిపోయింది. 1925లో ఆ మానును తీసేశారు. నేలలో దిగిన ఊడల మీద ఆ చెట్టు ఇప్పటికీ బతుకుతోంది. ఇప్పకు, చింతకు, మామిడికి ఊడలు లేవు. వాటికి ఉన్నది ఒక్క మానే.

యంత్రాలు ఏం చేస్తయ్?

పెద్ద నగరాల్లో, పాత చెట్లున్న తోటల్లో దీనికి యంత్రాలు వాడుతరు. సింగపూర్‌లో వారసత్వ చెట్లను వీటితోనే పరీక్షిస్తరు. మూడు రకాలు తెలుసుకుంటే చాలు.

మొదటిది సన్నటి గొట్టంతో చెట్టు నడుమదాకా పెన్సిల్ అంత చెక్క నమూనా తీసే బరమ. రెండోది మూడు మిల్లీమీటర్ల మొన ఉన్న సూదిని మోటారుతో లోపలికి పంపి, చెక్క ఎంత అడ్డుకుంటోందో గీతగా రాసే యంత్రం. గట్టి చెక్కలో గీత పైకి లేస్తది, పుచ్చులో పడిపోతది. మూడోది శబ్దంతో బొమ్మ తీసేది. చెట్టు చుట్టూ పది పన్నెండు గ్రాహకాలు బిగించి ఒక్కోదాన్ని చిన్న సుత్తితో కొడుతరు. గట్టి చెక్కలో శబ్దం వేగంగా పోతది. నడుమ డొల్ల ఉంటే చుట్టూ తిరిగి ఆలస్యంగా చేరుతది. ఆ ఆలస్యాలను లెక్కకట్టి కంప్యూటర్ చెట్టు అడ్డుకోతను రంగుల బొమ్మగా చూపిస్తది. మన కొయ్య సుత్తి పరీక్షకు ఇది పెద్దన్న అనుకోండి.

ఖర్చు లక్షల్లో ఉంటది కాబట్టి ఇవి మన ఊరికి వచ్చేవి కావు. పైగా మొదటి రెండూ చెట్టుకు రంధ్రం చేస్తయ్. ఆ రంధ్రం చెట్టు కట్టుకున్న గోడను చీల్చి లోపలి కుళ్లును బయటి మంచి చెక్కలోకి తేవచ్చు. అనుమానం నిజంగా పెద్దదై, చెట్టు చాలా విలువైనదైతేనే ఆ పరీక్ష.

తాటి జాతి చెట్లలో ఎర్రముక్కు పురుగు కాండం లోపల నమలడం చెవి ఆనించి వింటే వినిపిస్తదని కొబ్బరి రైతులు ఎప్పటినుంచో చేస్తున్నదే. ఇప్పుడు సౌదీ అరేబియాలో ఖర్జూరం చెట్లకు సన్నటి గాజు తీగ చుట్టి అదే నమిలే చప్పుడును యంత్రంతో వినే పద్ధతి మీద పరిశోధన చేశారు.

సుత్తికి దొరకని జబ్బులు

శ్రీగంధం పెట్టిన మిత్రులు చాలామంది ఉన్నారు. శ్రీగంధం స్పైక్ తెగులు 1899లో కొడగులో మొదట గుర్తించారు. ఫైటోప్లాస్మా అనే అతి చిన్న సూక్ష్మజీవి బెరడు లోపలి ఆహార నాళాల్లో ఉంటది, రసం పీల్చే పురుగులు దాన్ని మోస్తయ్. ఆకులు చిన్నవై, ముళ్లలాగా నిక్కి నిలబడేసరికి ఆలస్యమైతది. పైకి ఏ గుర్తూ లేకుండా కూడా జబ్బు లోపల ఉండవచ్చు. దీన్ని పట్టేది ప్రయోగశాలలో చేసే జన్యు పరీక్ష మాత్రమే. కాబట్టి మొక్క కొనేటప్పుడే తల్లి చెట్టు ఎక్కడిదో అడగండి, ఆకులు చిన్నబోయిన తోట నుంచి గింజ గాని మొక్క గాని తేవద్దు.

ఇంకోటి గానోడెర్మా. కోస్తాలో కొబ్బరి రైతులకు ఇది బాగా తెలుసు. తమిళనాడులో 1952 తుఫాను తరువాత తంజావూరు ప్రాంతంలో కొబ్బరిని దెబ్బతీసి ఆ పేరుతోనే ప్రసిద్ధమైంది. వేప, కానుగ, సుబాబుల్ లాంటి చెట్లకూ వస్తది. వేర్లలో మొదలై మొదట్లోకి ఎక్కుతది. మెరుగు పెట్టినట్టు ఎర్రటి పైభాగం, తెల్లటి అడుగు ఉన్న పుట్టగొడుగు మొదట్లో కనిపించేసరికి వేర్లు చాలావరకు పోయి ఉంటయ్. ఈ చెట్టు పక్కన ఉన్న మంచి చెట్టును కాపాడుకోవడమే అసలు పని.

మనం చేయగలిగింది, చేయలేనిది

సూటిగా చెప్పుకుందాం. పుచ్చిపోయిన చేవను తిరిగి చెక్క చేసే కషాయం లేదు. జీవామృతం పోసినా, అగ్నిఅస్త్రం కొట్టినా తొర్ర పూడదు. ఎవరైనా పూడుస్తామని సీసా అమ్మితే కొనవద్దు. మరి ఏం చేయవచ్చు?

తొలిచే పురుగుకు: మామిడి కాండం తొలిచే పురుగు లోపల నెలల తరబడి తింటది, వేలెడు పొడవు పెరుగుతది. పొడి రాలే రంధ్రం దొరికితే సైకిల్ చువ్వ కొన వంచి లోపలికి పెట్టి పురుగును లాగేయండి. తరువాత వేపనూనెలో ముంచిన దూది పెట్టి బంకమట్టితో మూసేయండి. వారం తరువాత చూడండి. కొత్త పొడి రాలితే పురుగు ఇంకా ఉన్నట్టే, మళ్లీ చేయాలె.

వేర్ల కుళ్లుకు: బాగా మాగిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా కలిపి తడిగా నీడలో పెంచి, వేపపిండితో కలిపి వేర్ల చుట్టూ వేయండి. కొబ్బరికి చెట్టుకు 5 కిలోల వేపపిండి చెబుతరు. జబ్బు చెట్టుకు, మంచి చెట్టుకు మధ్య వేర్లు తాకకుండా కందకం తీయండి. నీళ్లు ఒక చెట్టు పాదు నుంచి ఇంకో చెట్టు పాదుకు పారనీయవద్దు.

ఆచ్ఛాదన: చెట్టు చుట్టూ ఆకు పరచడం మంచిదే, కాని మాను నుంచి ఒక అడుగు వదిలి పరచండి. మానుకు ఆనించి కుప్ప పోస్తే బెరడు తడిసి కుళ్లుతది. మట్టి కూడా అంతే, మొదలును మట్టితో పూడ్చవద్దు.

తొర్రకు: సిమెంటు పోయవద్దు. సిమెంటు వంగదు, చెట్టు ఊగుతది. నడుమ నీళ్లు నిలిచి కుళ్లు పెరుగుతది. లోపల గట్టి చెక్క దాకా గీకి శుభ్రం చేయాలన్న పాత పద్ధతి కూడా వద్దు, అది చెట్టు కట్టుకున్న గోడను మనమే కూల్చడం.

కొమ్మ కోతకు: రంపం వాడండి. కొమ్మ మానుతో కలిసే చోట ఉబ్బిన మెడలాంటి భాగం ఉంటది, దాన్ని వదిలి బయట కోయండి. బరువు కొమ్మను ముందు కింది నుంచి కొంచెం కోసి, తరువాత పైనుంచి కోస్తే బెరడు చీలదు. తాజా కోతకు ఆవు పేడ, పుట్టమన్ను, గోమూత్రం కలిపిన పూత కొంతమంది రైతులు పెడుతరు. అసలు రక్షణ సరైన చోట కోయడమే.

ఇప్పకు: నిప్పు మానండి. పువ్వు రాలకముందు చీపురుతో ఊడ్చి ఆకును పాదు బయట పరిస్తే అదే ఆచ్ఛాదన అయితది. పాత చీరలో, వలలో కట్టి పువ్వు పట్టవచ్చు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లో వలలతో పట్టిన శుభ్రమైన ఇప్పపువ్వుకు వేరే ధర పలుకుతోంది. ఉట్నూరు దిక్కు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్న మన ఆడపడుచులకు కూడా మసి, మట్టి అంటని పువ్వే కావాలె.

నరకాలా, ఉంచాలా?

డొల్ల చెట్టు అని తేలగానే గొడ్డలి పట్టవద్దు. మూడు ప్రశ్నలు వేసుకోండి. గోడ లెక్క సరిపోతోందా? పడితే ఏ దిక్కు పడుతది, అక్కడ ఇల్లు, బడి, కొట్టం, దారి ఏమైనా ఉందా? కొమ్మల బరువు తగ్గిస్తే సరిపోతదా?

చేను నడుమ, కింద ఎవరూ ఉండని డొల్ల ఇప్పను ఉంచండి. తొర్రల్లో గుడ్లగూబలు, చిలుకలు, తేనెటీగలు ఉంటయ్. గుడ్లగూబ ఎలుకలను పడుతది, తేనెటీగ మన కందికి, కూరగాయలకు పరపరాగం మోస్తది. వాటికి జీతం లేదు. కొట్టం పక్కన ఉంటే ముందు కొమ్మలు తేలిక చేయండి, పశువును ఇంకో చోట కట్టండి. బడి మీదనో, ఇంటి మీదనో ఒరిగి, గోడ పలుచబడి, మొదట్లో పుట్టగొడుగు వచ్చిన చెట్టునైతే ఆశ వదులుకోవాలె. మనిషి ప్రాణం కన్నా చెట్టు ఎక్కువ కాదు. నరికేముందు వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలని మరవద్దు. టేకు లాంటి చెట్లకు అటవీ శాఖ దగ్గరికి పోవాల్సిందే.

నరికేది ఉంటే దాని గింజతో రెండు మొక్కలు ముందే పెంచి పెట్టుకోండి.

ఒక నోటుపుస్తకం చాలు

చేనులోని పెద్ద చెట్లకు నంబర్లు పెట్టుకోండి. ఒక్కో చెట్టుకు ఒక పేజీ: చుట్టుకొలత, సుత్తి శబ్దం మారిన చోట్లు, తొర్ర లోతు, పుట్టగొడుగు, ఎండు కొమ్మలు. ఏటా అదే చోట నిలబడి ఫోన్‌తో నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫొటోలు. మొదటి ఏడాది ఈ రాతలతో పెద్దగా తెలియకపోవచ్చు. మూడో ఏడాదికి ఏ చెట్టు నిలకడగా ఉందో, ఏది జారుతోందో మీకే తెలుస్తది. చెట్టు జబ్బు నెమ్మదిగా నడుస్తది కాబట్టి మనకు సమయం ఉంటది. ఆ సమయాన్ని వాడుకోవడమే వైద్యం.

ఒకసారి వానలు తగ్గినాక అక్టోబరులో, ఇంకోసారి గాలిదుమారాలకు ముందు మార్చిలో, ఇప్పపువ్వు కింద ఊడ్చే రోజుల్లో. ఒక్కో చెట్టుకు పది నిమిషాలు పడుతది. పిల్లలను కూడా తీసుకుపోండి, సుత్తి వాళ్ల చేతికే ఇవ్వండి. ఆ చెట్ల పువ్వు రేపు ఏరుకునేది వాళ్లే.